ఆరున్నరకు ఆగిపోయే లైను

తారామణి ముందున్న తెర మీద మూడు వందల పన్నెండు చుక్కలుంటాయి. ఒక్కో చుక్క ఒక్కో ఊరు. ఆ ఊరి పంచాయతీ ఆఫీసులో పెట్టిన, ఇళ్ళకు కూడా నెట్ అందించే ఇంటర్నెట్ బాక్సు పనిచేస్తుంటే చుక్క పచ్చగా ఉంటుంది, ఆగిపోతే ఎర్రబడుతుంది. ఎర్రబడిన ఊరికి ఫోన్ చేసి, ఏమైందో కనుక్కుని, అవసరమైతే మనిషిని పంపి, దాన్ని మళ్ళీ పచ్చగా చేయించడం ఆమె ఉద్యోగం. పల్లెల లైన్లు చూసుకునే ఆ కాంట్రాక్టు కంపెనీ నాచారం పారిశ్రామికవాడలో ఉంది. ఒకప్పుడు బట్టలు కుట్టే కంపెనీ నడిచిన భవనంలో, మూడో అంతస్తు. మధ్యాహ్నం పన్నెండుకు కూర్చుంటే రాత్రి ఎనిమిదిన్నరకు లేస్తుంది. ఆరేళ్ళుగా ఇదే పని.

ఆ కుర్చీ దాకా రావడానికి ఆమెకు చాలా కాలం పట్టింది. జనగామ అవతలి ఊరు ఆమెది. పందొమ్మిదేళ్ళకు పెళ్ళై నాచారం వచ్చింది. భర్త భూషణం లేత్ మిషను మీద పనిచేసేవాడు, ఇప్పటికీ చేస్తున్నాడు. కూతురు బడికి పోయే వయసు రాగానే తారామణి బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగుకు కుదిరింది. ఎనిమిదేళ్ళు నిలబడి చేసే పని. ఆదివారం క్లాసులతో ఓపెన్ డిగ్రీ పూర్తి చేసింది. హబ్సిగూడలో కంప్యూటర్ నేర్చుకుంది. ఆ బ్యాచిలో అందరికన్నా పెద్దది ఆమే.  ఇప్పుడు కూతురు హిమజ పెళ్ళై మౌలాలిలో ఉంది. బాబానగర్‌లో అద్దె ఇంట్లో భార్యాభర్తలిద్దరే.

ఈ ఉద్యోగాన్ని ఆమె మిగతావాళ్ళలా చూడలేదు. దానికి కారణముంది. రెండువేల నాలుగులో తండ్రికి పొలంలో గుండెనొప్పి వచ్చింది. వాళ్ళ ఊళ్ళో ఫోన్ లేదు. అన్న సైకిల్ మీద పక్క ఊరు పోయి, నాచారంలో వాళ్ళింటి దగ్గరి కిరాణా కొట్టుకు ఫోన్ చేశాడు. ఆ రోజు ఆదివారం, కొట్టు మూసి ఉంది. సోమవారం పొద్దున కొట్టాయన తలుపు తీసి ఫోన్ ఎత్తే దాకా ఆమెకు కబురు లేదు. బస్సు దిగి ఇంటికి పోయేసరికి అంతా అయిపోయింది. తండ్రి ముఖం చూడలేదు. అందుకని తెర మీద చుక్క ఎర్రబడితే ఆమెకు అది యంత్రం ఆగిపోయినట్టు అనిపించదు. ఆ ఊళ్ళో ఎవరో ఎవరికో కబురు పంపలేకపోతున్నారని అనిపిస్తుంది. పక్క సీట్ల కుర్రవాళ్ళు రోజుకు పది ఊళ్ళు సరిచేస్తే ఆమె ఇరవై చేసేది.

ఫిబ్రవరి చివర్లో, ఒకరోజు సాయంత్రం నాలుగింటికి, ఫిర్యాదుల నంబరుకు ఒక ఫోన్ వచ్చింది. ఆడపిల్ల గొంతు.

"మేడం, నా పేరు త్రివేణి. వాగొడ్డుపల్లి నుంచి మాట్లాడుతున్న. మా ఊర్ల రోజూ ఆరున్నరకు నెట్ పోతుంది. మల్ల ఎనిమిదిన్నరకు గాని రాదు. నెల దాటింది మేడం."

"రోజూ అదే టైముకా?"

"గడియారం వెట్టుకోని సూడొచ్చు. నేను స్టాఫ్ నర్సు పరీక్షకు చదువుతున్న. నా ఆన్‌లైన్ క్లాసు ఏడింటికి. ఒక్కటి ఇనలేకపోతున్న. మా ఊరు గుట్టల నడుమ ఉంటది మేడం, సెల్ సిగ్నల్ అస్సలే రాదు. ఫోన్ జెయ్యాలన్నా వైఫై తోనే. గది పోతే మేం బావిల ఉన్నట్టే."

తారామణి పాత వివరాలు తీసి చూసింది. ఆ పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. జనవరి రెండోవారం నుంచి ప్రతిరోజూ ఆ చుక్క ఆరున్నరకు ఎర్రబడుతోంది, ఎనిమిదిన్నరకు పచ్చబడుతోంది. ఆ టైములో తను సీటులోనే ఉంటుంది. కానీ తను ఫోన్ చేద్దామనుకునేసరికి లైనే ఉండదు. తర్వాత దానంతటదే వచ్చేస్తుంది కాబట్టి ఆ రోజు లెక్కలోంచి జారిపోతుంది. రోజూ కనిపిస్తున్నదాన్నే తను చూడలేదని ఆమెకు సిగ్గేసింది.

మర్నాడు మధ్యాహ్నం పంచాయతీ నంబరుకు చేసింది. అక్కడ ఊడ్చి, తాళాలు తీసి వేసే కౌసల్యమ్మ ఎత్తింది.

"కరెంటు వోతుందమ్మా," అంది కౌసల్యమ్మ.

"కరెంటు పోయినా బాక్సుకు బ్యాటరీ ఉంటది కద అక్క. నాలుగు గంటలు నడుస్తది."

 "ఏమో తల్లీ. మాకేమెరుక. మీ హైదరాబాదోళ్ళే సూడాలె," అని పెట్టేసింది.

తారామణి టెక్నీషియన్ దయాకర్‌ని పంపింది. అతను బైకు మీద వెళ్ళి, అన్నీ విప్పి చూసి, సాయంత్రానికి తిరిగొచ్చాడు. బాక్సు బాగుంది, బ్యాటరీ బాగుంది, వైరు బాగుంది. "ఎవరో చేత్తోటి ఆపుతున్నరు అక్కా," అన్నాడు. "స్విచ్చి కాడ గోడ మీద వేలు ముద్రలున్నయ్. నున్నగైంది."

సూపర్‌వైజర్ రాఘవేంద్ర ఈ విషయం విని కుర్చీలో వెనక్కి వాలాడు. ముప్పై ఏళ్ళు దాటని మనిషి, చెడ్డవాడు కాదు. "వాళ్ళకే వద్దంటే మనం ఏంజేస్తం అక్క? మూడు నెలలు గిట్ల సక్కగ నడవకపోతే పై ఆఫీసుకు లిస్టు పోతది. బాక్సు తీసి వేరే ఊరికి పెడతరు. అడిగేటోళ్ళు మస్తుమంది ఉన్నరు."

"ఇంకెన్ని రోజులున్నయ్ సార్?"

"ఏప్రిల్ మొదటి వారం."

మార్చి మధ్యలో ఒక ఆదివారం ఆమె బయలుదేరింది. భూషణం టిఫిన్ డబ్బా కడుతూ అడిగాడు.

"గీ పని నీ డ్యూటీల ఉన్నదా?"

"లేదు."

"మరి?"

"ఆరేండ్ల సంది గా ఊర్లను సూస్తున్న. ఒక్క ఊరన్న కండ్లతోటి సూడొద్దా?"

అతను డబ్బా ఆమె సంచిలో పెట్టాడు. ఉప్పల్ రింగురోడ్డు దాకా స్కూటర్ మీద దింపి, బస్సు కదిలే దాకా నిలబడ్డాడు. ఫ్లైఓవర్ స్తంభాల పక్కగా దుమ్ములో బస్సు బోడుప్పల్ దాటడానికే అరగంట పట్టింది. జనగామలో దిగి ఇంకో బస్సు, అక్కణ్ణుంచి ఆటో. మధ్యలో ఒక గుట్ట తిరగగానే ఆమె ఫోన్లో సిగ్నల్ గీతలన్నీ పోయాయి. వాగొడ్డుపల్లి చేరేసరికి నాలుగున్నర.

త్రివేణి ఎదురొచ్చింది. ఇరవై మూడేళ్ళ పిల్ల, సన్నగా, చకచకా నడిచే మనిషి. ఇంటికి తీసుకెళ్ళి చాయ్ ఇచ్చింది. రాత్రికి ఇక్కడే ఉండాలని వాళ్ళమ్మ ముందే అన్నం ఎక్కువ పెట్టింది. ఆరింటికి తారామణి ఒక్కతే పంచాయతీ ఆఫీసుకు వెళ్ళి వరండాలోని బెంచీ మీద కూర్చుంది.

ఆరున్నరకు కౌసల్యమ్మ వచ్చింది. యాభై అయిదేళ్ళుంటాయి. చీర కొంగు నడుముకు చుట్టి, తాళంచెవి మెడలో తాడుకు వేసుకుంది. బెంచీ మీద కొత్త మనిషిని చూసింది గానీ ఆగలేదు. తాళం తీసి లోపలికి పోయింది. టక్కుమని స్విచ్చి చప్పుడు. కిటికీలోంచి కనబడుతున్న చిన్న పచ్చలైటు ఆరిపోయింది.

ఆ చప్పుడు వినగానే తారామణికి కోపం నెత్తికెక్కింది. లేచి నిలబడింది. కానీ ఏదో అనేలోపే ఊరు కదిలింది. ముందు పిల్లలు. ఒక్కో ఇంట్లోంచి ఒకరిద్దరు, "పోయింది, పోయింది" అని అరుస్తూ బజారులోకి పరిగెత్తారు. ఆ తర్వాత ఆడవాళ్ళు చేటలతో, పీటలతో అరుగుల మీదికి వచ్చారు. ఒకామె ఎదురింటామెను, నీ బిడ్డకు జరం తగ్గిందా అని అడిగింది. మగవాళ్ళు కల్వర్టు గోడ మీద చేరారు. ఒక ముసలాయన ఏదో చెప్తుంటే నలుగురు నవ్వారు. పది నిమిషాల కింద ఖాళీగా ఉన్న బజారు నిండిపోయింది. తన తెర మీద ఆ ఊరు ఇప్పుడు ఎర్రచుక్క. ఎదురుగా ఉన్న ఊరు మాత్రం కళకళలాడుతోంది. ఆమె మళ్ళీ బెంచీ మీద కూర్చుంది.

కౌసల్యమ్మ బయటకు వచ్చి ఆమె పక్కన నిలబడింది. "నువ్వు నాచారం ఆఫీసు అమ్మవు గద. త్రివేణి జెప్పింది, వస్తున్నవని."

"స్విచ్చి మీరే ఆపుతున్నరా అక్క?"

"నేనే. ఊరోళ్ళకు తెల్వదు. హైదరాబాదుల రిపేరు నడుస్తున్నదని జెప్పిన."

"ఎందుకు?"

కౌసల్యమ్మ బెంచీ మీద కూర్చుంది. 

వాళ్ళ వెనకింట్లో ఉప్పలమ్మ అనే ముసలామె ఒంటరిగా ఉంటుంది. సంక్రాంతికి పక్షం రోజుల ముందు, మంచి చలిలో, సాయంత్రం ఏడింటప్పుడు, గిన్నెలు కడగడానికి పెరట్లోకి పోయి బండ మీద జారి పడింది. తుంటి ఎముక విరిగింది. లేవలేకపోయింది.

"ఆ అరుపు నేను ఇన్న చెల్లె," అంది కౌసల్యమ్మ. "అబద్ధమెందుకు జెప్పాలె. ఫోన్ల సీరియల్ సూస్తున్న. అండ్ల గూడ ఎవరో ఏడుస్తున్నది. గా ఏడుపే అనుకున్న. మల్లొకపారి ఇనవడ్డది. సౌండు తగ్గించి ఇనాల్నా? ఇంకింత వెంచిన." ఆమె మెడలోని తాళంచెవిని గుప్పిట పట్టుకుంది. "అటుపక్క ఇల్లు, ఇటుపక్క ఇల్లు, అందరం ఇండ్లల్లనే ఉన్నం. తెల్లారి ఊడ్వనీకి పోతుంటే పెరట్ల కొంగు కనవడ్డది. రాత్రంతా సలిల గా బండ మీదనే ఉన్నది. పెదాలు నల్లగైనయ్. నన్ను సూసి ఏమన్నదో ఎరుకేనా? 'అచ్చినవా బిడ్డా' అన్నది. అంతే. ఒక్కమాట తిట్టలే."

ముసలామె బతికింది. జనగామ దవాఖానాలో ఆపరేషన్ అయింది. ఆమెను ఇంటికి తెచ్చిన రోజు సాయంత్రం కౌసల్యమ్మ మొదటిసారి స్విచ్చి ఆపింది. ఆ రోజు ఎందుకు ఆపిందో తనకే తెలియదు. కానీ ఆ రెండు గంటల్లో తొమ్మిది మంది ఉప్పలమ్మను చూడటానికి వచ్చారు. మర్నాడు మళ్ళీ ఆపింది.

తారామణి ఆమె వైపు జరిగి కూర్చుంది. తర్వాత, కంపెనీలో ఎవరికీ చెప్పని తండ్రి సంగతి చెప్పింది. సైకిలు, మూసిన కొట్టు, సోమవారం పొద్దు. "మీరు ఆపిన రెండు గంటలల్ల ఎవరికన్న గుండెనొప్పి అస్తే 108కు ఎట్ల జేస్తరు అక్క? సిగ్నల్ లేదాయె."

"గది నాకు గూడ రోజు మనసుల కొడతనే ఉన్నది," అంది కౌసల్యమ్మ. "ఎనిమిదిన్నర దాకా పానం పానంల ఉండది. మరి ఏం జెయ్యమంటవ్?"

"ముందుగాల ఊరికి నిజం జెప్పురి. ఏం జెయ్యాల్నో వాళ్ళే జెప్తరు. ఎట్లైనా ఇంకో ఇరవై రోజులల్ల బాక్సు తీస్కపోతరు."

కౌసల్యమ్మ ముఖం తెల్లబోయింది. తీసుకుపోతారన్న సంగతి ఆమెకు తెలియదు. లేచి, చెంగుతో ముఖం తుడుచుకుని, నేరుగా కల్వర్టు దగ్గరికి నడిచింది. అంత తొందరగా వెళ్తుందని తారామణి అనుకోలేదు. వెనకాలే పరిగెత్తాల్సి వచ్చింది.

అప్పటికే అందరూ బయటే ఉన్నారు కాబట్టి ఎవరినీ పిలవాల్సిన పని లేకపోయింది. ఉప్పలమ్మ ఇల్లు కల్వర్టుకు ఎదురుగానే. ఆమె మంచాన్ని సాయంత్రాలు గడప ముందు వేస్తారు. కౌసల్యమ్మ ఆ మంచం పక్కన నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పింది. సీరియల్ సౌండు పెంచిన మాటతో సహా.

 ఒక్కసారిగా గొంతులు లేచాయి. అందరికన్నా ముందు అరిచింది త్రివేణి.

"రెండు నెలలు పెద్దమ్మా! రెండు నెలల క్లాసులు వోయినయ్ నాకు. నీ కండ్ల ముందట్నే రోజు గుట్టెక్కి సిగ్నల్ కోసం తిరిగిన. ఒక్కనాడన్న జెప్పినవా?" ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కౌసల్యమ్మ తలెత్తలేదు.

"తప్పే జేసింది," అన్నాడు ఒకాయన. "ఊరి సొమ్ము. ఒక్కమనిషి ఇష్టమా?"

కల్వర్టు మీది ముసలాయన అడ్డొచ్చాడు. "నాకైతే గిట్లనే ఉండనియ్యున్రి. గీ రెండు నెలల సందే నా కొడుకు నా పక్కన కూసుంటున్నడు. అంతకుముందు ఇంట్లనే ఉండెటోడు, ఏం లాభం?"

జాకెట్లు కుట్టే ఒకామె, తనకు డిజైన్లు ఆ టైములోనే వస్తాయని, కస్టమర్లు పోయారని అంది. ఇంకొకామె తన మొగుడు ఫోన్ లేకపోయేసరికి తాగడానికి పోతున్నాడని చెప్తే కొందరు నవ్వారు, ఆమె నవ్వలేదు. తారామణి వింటూ ఉంది. తను వచ్చేటప్పుడు లైను నడిస్తే మంచి, ఆగితే చెడు అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఇక్కడ మాట్లాడుతున్న ప్రతి మనిషికీ మంచి చెడు వేరేగా ఉన్నాయి. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.

అప్పుడు మంచం మీంచి ఉప్పలమ్మ చెయ్యి ఎత్తింది. గొంతు చిన్నది, అందరూ ఆగితేగానీ వినబడలేదు.

"నా పేరు మీద పెట్టకున్రి," అంది. "నేను జారి పడ్డ. గంతే. కౌసల్యా, నువ్వు నాకాడికి వైరు పీకినందుకు అస్తున్నవా, రావాలె అనిపిచ్చి అస్తున్నవా?"

"రావాలనే అస్తున్న పెద్దమ్మా."

"మరి పీకుడెందుకు?"

"నేనంటె అస్త. మిగతోళ్ళు రారు."

ఉప్పలమ్మ చుట్టూ చూసింది. కొందరు కిందికి చూశారు. "రాకపోతె రాకున్రి," అంది ముసలామె. "నా అసొంటోళ్ళు గీ ఊర్ల ఇంకెంతమంది ఉన్నరో లెక్కవెట్టున్రి. పొద్దుగూకంగ ఒక్కపారి తలుపు కొట్టి, ఉన్నవా లేవా అని అడిగేటోళ్ళుంటె సాలు. గా పిల్ల చదువు ఎందుకు చెడగొడతరు."

ఆ మాటతో గొడవ తీరిపోలేదు. ఇంకో గంట సాగింది. చివరికి కొన్ని మాత్రమే తేలాయి. లైను ఎవరూ ఆపకూడదు. పంచాయతీ ఆఫీసు గది సాయంత్రాలు తెరిచి ఉంచాలి, చదువుకునేవాళ్ళు అక్కడ కూర్చోవచ్చు, తాళం కౌసల్యమ్మే చూస్తుంది. ఒంటరిగా ఉండేవాళ్ళ ఇళ్ళు లెక్కపెడితే ఏడు. ఆ ఏడిళ్ళకు దీపాలవేళ ఒకరు తిరగాలి. ఇళ్ళల్లో ఎవరి ఫోను వాళ్ళిష్టం, దాని గురించి ఎంత మాట్లాడినా ఏమీ తేలలేదు.

త్రివేణి కౌసల్యమ్మతో మాట్లాడకుండానే ఇంటికి పోయింది. రాత్రి తారామణి పక్కన చాప మీద పడుకుని, "నేను నర్సు చదువు చదివిన మేడం," అంది చీకట్లో. "మా ఇల్లు ఉప్పలమ్మ ఇంటికి నాలుగిండ్ల అవతల. ఆ రోజు నేను గూడ ఇయర్‌ఫోన్లు పెట్టుకోని క్లాసు ఇంటున్న." తర్వాత అటు తిరిగి పడుకుంది.

సోమవారం తారామణి పొద్దున బస్సెక్కి, ఉప్పల్‌లో దిగి, ఇంటికి పోకుండానే డ్యూటీకి వెళ్ళింది. రాఘవేంద్ర ఆమె చెప్పిందంతా విని, పక్కకు కుర్చీ లాక్కున్నాడు. లైను ఎందుకు ఆగిందో నమోదు చేసే చోట నాలుగే కారణాలుంటాయి. కరెంటు లేదు, వైరు తెగింది, బాక్సు పాడైంది, ఇతరం.

"కరెంటు అని కొట్టండి అక్క. అయిపోతది," అన్నాడు.

"కరెంటు కాదు సార్."

"నిజం రాస్తె గా స్వీపరమ్మ నౌకరికి మోసం. ఆలోచించుకోండి."

అదే ఆమెకు దారంతా బస్సులో తెమలలేదు. అబద్ధం రాస్తే మళ్ళీ ఏ ఊళ్ళోనైనా ఇదే జరిగినప్పుడు ఎవరికీ అర్థం కాదు. నిజం రాస్తే ఒక మనిషి పొట్ట మీద కొట్టినట్టు. చాలాసేపు కూర్చుని, ఇతరం నొక్కి, నాలుగు వాక్యాలు రాసింది. ఊళ్ళో ఒక ప్రమాదం జరిగిందని, దాని తర్వాత సాయంత్రాలు లైను చేత్తో ఆపారని, ఊరివాళ్ళు కూర్చుని మాట్లాడుకుని ఆ పద్ధతి మానుకున్నారని, బాక్సు ఆ ఊరికి అవసరమని. పేరు రాయలేదు.

వారం తర్వాత పై ఆఫీసు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. "ఆపింది ఎవరు?" అని అడిగాడు.

"ఊరు సార్," అంది తారామణి.

"ఊరంటే? ఎవరో ఒకరు చెయ్యి పెట్టాలి గదమ్మా."

"అందరికీ తెలిసినంక అందరూ మాట్లాడుకున్నరు సార్. ఒక్కరి పేరు రాస్తే తప్పయితది."  ఆయన సరే, ఇంకో మూడు నెలలు చూద్దాం అన్నాడు.

వాగొడ్డుపల్లి చుక్క అప్పటినుంచి పచ్చగానే ఉంది. కానీ కల్వర్టు దగ్గర చేరేవాళ్ళు సగానికి సగం తగ్గారు. ఈ సంగతి కౌసల్యమ్మే చెప్పింది. అప్పుడప్పుడు ఆమె వీడియో కాల్ చేస్తుంది. "కొందరు మల్ల ఇండ్లల్లకు పోయిన్రు చెల్లె. కొందరు రుచి మరిగి అస్తున్నరు. ఏడిండ్లకు ఎక్కువ నేనే తిరుగుతున్న, వంతుకు పేరిచ్చినోళ్ళు ముగ్గురే. ఆదివారం మాత్రం త్రివేణి తిరుగుతది. నాతోటి ఇప్పుడు మాట్లాడుతున్నది." ఒకసారి ఫోను తిప్పి చూపించింది. ఉప్పలమ్మ కర్ర పట్టుకుని గడప దాటి నాలుగడుగులు వేస్తోంది. జనగామ డాక్టరమ్మ ఫోన్లో చూసి చెప్పిన ఎక్సర్‌సైజులని, త్రివేణి దగ్గరుండి చేయిస్తోందని చెప్పింది. త్రివేణి పరీక్ష రాసింది. ఫలితాలు ఇంకా రాలేదు.

తారామణి పనిలో ఒక మార్పు వచ్చింది. డ్యూటీ చివరి అరగంటలో ఆమె రోజుకొక ఊరికి ఫోన్ చేస్తుంది. లైను బాగున్న ఊళ్ళకే. "బాక్సు నడుస్తున్నది కద, దానితోటి ఏం జేస్తున్నరు?" అని అడుగుతుంది. జవాబులు ఎన్నో రకాలు. ఒక ఊళ్ళో గల్ఫుకు పోయిన మనిషి రోజూ రాత్రి కూతురికి ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్నాడు. ఒక ఊళ్ళో లైను పంచాయతీ ఆఫీసు దాటి ఒక్క ఇంటికి కూడా పోలేదు. బాక్సు మీద అటెండరు పచ్చడి జాడీ పెట్టుకున్నాడు. ఒక ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు, "ఇన్నేండ్లల్ల గీ మాట ఎవరూ అడగలే మేడం," అని పావుగంట మాట్లాడింది. రాఘవేంద్ర మొదట్లో విసుక్కున్నాడు. ఇప్పుడు తన కుర్చీ కొంచెం ఇటు జరుపుకుని వింటాడు. తారామణి ఇవన్నీ ఒక నోట్‌బుక్కులో రాసుకుంటోంది. అవి ఎవరికి ఇవ్వాలో ఇంకా తెలియదు.

జూన్‌లో వానలు మొదలైన ఒక ఆదివారం పొద్దున భూషణం పేపరు చదువుతుంటే, ఆమె ఉన్నట్టుండి అడిగింది.

"మీదింట్లామె నీకు ఈ మధ్య కనవడ్డదా?"

"ఏ మీదింట్లామె?"

"రైల్వే ఆయన పెండ్లాం. శ్యామలాదేవి గారు."

భూషణం ఆలోచించాడు. భర్త రైల్వేలో పనిచేసి పోయాడని, వాళ్ళది రాజమండ్రి వైపని, నాలుగేళ్ళుగా పై అంతస్తులో ఉంటోందని ఇద్దరికీ తెలుసు. నీళ్ళ మోటారు గురించి తప్ప ఆమెతో ఎప్పుడూ మాట్లాడింది లేదు. "కనవడలే," అన్నాడు.

తారామణి మెట్లెక్కి బెల్లు కొట్టింది. చాలాసేపటికి తలుపు జానెడు తెరుచుకుంది. గొలుసు తియ్యలేదు. డెబ్బై దాటిన సన్నటి ముఖం.

"మోటారు ఆపమని చెప్పడానికి వచ్చావా అమ్మా?"

"కాదమ్మ. ఊరికెనే వచ్చిన. ఎట్లున్నరో అడుగుదామని."

"ఊరికేనా?" ఆమె అనుమానంగా చూసింది. "నాకేమైందని? బాగానే ఉన్నాను."

"సరేనమ్మ. పోతున్న అయితె," అంది తారామణి. రెండు మెట్లు దిగింది కూడా. వెనక గొలుసు తీసిన చప్పుడైంది.

"ఇదిగో అమ్మాయ్, ఎలాగూ వచ్చావు కాబట్టి ఆ అటక మీద డబ్బా కాస్త అందిస్తావా? నాలుగు నెలలైంది, కుర్చీ ఎక్కాలంటే భయంగా ఉంటోంది."

తారామణి చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి, కుర్చీ ఎక్కడుందని అడిగింది.